పై వాటాలో పుల్లరి

ప్రభుత్వానికి అప్పగించిన వస్తువు ఎన్నడూ పోదు. అది ఉంటుంది. ఎక్కడ ఉందో తెలుసుకోవడం ఒక సేవ. తెలిసిన తర్వాత దాన్ని కళ్లతో చూడటం మరొక సేవ. చూసినదాన్ని ఇంటికి తెచ్చుకోవడమనే సేవ ఇంకా రూపకల్పన దశలో ఉంది.

ఈ సంగతులన్నీ ఇంతకన్నా మర్యాదైన భాషలో రాసి, రబ్బరు ముద్ర వేసి, మా ఇంటి గేటుకు అంటించారు. మా గేటుకే ఎందుకంటే ఆ ఆఫీసు ఉన్నది మా ఇంటి పై వాటాలో. నరసరావుపేటలో ఇందులో వింతేమీ లేదు. మాది గుంటూరునుంచి విడదీసిన కొత్త జిల్లా. జిల్లా అన్నాక ఉండవలసిన ఆఫీసులన్నీ ఒక్కసారిగా వచ్చేశాయి, భవనాలు మాత్రం నెమ్మదిగా వద్దామనుకుంటున్నాయి. ఈలోగా ఏ మేడ మెట్లెక్కినా పైన ఒక శాఖ కనిపిస్తుంది. ఎదురింటివారికి చేపలు వచ్చాయి (మత్స్యశాఖ అనాలి). మాకు వారసత్వం వచ్చింది.

పూర్తి పేరు "జిల్లా ప్రాచీన ముద్రిత వారసత్వ సేకరణ, పరిరక్షణ, ప్రదర్శన కేంద్రం". బోర్డు మా పిట్టగోడకన్నా పొడుగు కావడం వల్ల "కేంద్రం" అనే మాట పక్కింటివారి హద్దులోకి వెళ్లింది. వారు పెద్దమనసుతో ఊరుకున్నారు.

వ్యవహారం మొదలైంది మాత్రం కారం డబ్బా మూత దగ్గర.

ఆ రోజు పొద్దున మా ఆయన పుల్లారావుగారు ఇడ్లీలోకి కారప్పొడి వేసుకోబోయి, డబ్బా ఎత్తగానే మూత ఊడి, చొక్కా అంతా ఎర్రగా చేసుకుని, వరసగా తుమ్మారు.

"ఏమే, ఈ మూత దీనిది కాదు."

"దీనిదేనండీ. సరిగా తిప్పకుండా ఎత్తారు."

"నాకు మూత తిప్పటం నేర్పుతున్నావా? పొద్దున లేస్తే నేను చేసేది ఆ పనేగా." (ఆయనది పురుగుమందుల కొట్టు.)

"అందుకే అంటున్నా. మందు డబ్బా తిప్పినట్టు కారం డబ్బా తిప్పితే ఎట్లా?"

మా అత్తయ్య కోటమ్మగారు పక్క గదిలో మంచం మీద ఉన్నారు. కంటికి శుక్లాల ఆపరేషనై, నల్లద్దాలు పెట్టుకుని, కొన్నాళ్లు ఏమీ చదవకూడదని డాక్టరు చెప్పడంతో, వినవలసినవన్నీ శ్రద్ధగా వింటున్నారు. అక్కడినుంచే తీర్పు చెప్పారు.

"ఒరేయ్ పుల్లారావూ, అది కాపీపొడి డబ్బా మూతరా. కారం డబ్బా మూత అటక మీద రేకుపెట్టెలో ఉంది. మీ నాయన ఉండంగానే పెట్టా."

తన మాట నెగ్గినందుకు ఆయన వెంటనే నిచ్చెన వేసుకుని అటకెక్కారు. రేకుపెట్టె దిగింది. మూత దొరకలేదు. (ఇప్పటికీ దొరకలేదు. దాని గురించి ఇక రాయను.) పెట్టె అడుగున, పసుపు మరకల గుడ్డలో చుట్టి, చిన్న పుస్తకం ఒకటి దొరికింది.

పుస్తకమనడం కూడా ఎక్కువే. నాలుగు కాగితాలు మడిచి దారంతో కుట్టినట్టుంది. కాగితం టీ రంగుకు తిరిగింది. అట్ట మీద లావాటి పాత అచ్చు: "రాళ్లమడుగు రైతుల పుల్లరి పదములు. వెల ఒక అణా. ప్రతి యింటను ఉండదగినది."

పల్నాడులో పుల్లరి అంటే తెలియని ఇల్లు ఉండదు గాని, బయటివారికోసం చెబుతాను. వందేళ్ల కిందట, కొండల్లో పశువులు గడ్డి మేస్తే దొరల ప్రభుత్వం దానికి పన్ను వేసింది. పన్ను కట్టకపోతే పశువుల్ని తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టేది. కొన్నాళ్లు కట్టి, కొన్నాళ్లు ఏడ్చి, ఆ తర్వాత మనుషులు కట్టం పొమ్మన్నారు. అత్తయ్య పుట్టిల్లు గురజాల అవతల రాళ్లమడుగు. అలా కట్టనని బందెలదొడ్డి ముందు కూర్చున్నవారిలో ఆవిడ నాయనమ్మ అంకమ్మ ఒకరు. ఆ పుస్తకంలో అంకమ్మ మీద ఒక పదం ఉందట. నాలుగే పాదాలు. అత్తయ్య నాన్నగారు గొడ్లకు మేత వేస్తూ రోజూ పాడేవారట.

పుస్తకం పేరు చదివి వినిపించగానే అత్తయ్య లేచి కూర్చుని, నల్లద్దాల వెనకనుంచే పాడారు.

"బందెదొడ్డీ కాడ కూకుంది అంకమ్మ
కొండ మీదీ గడ్డి ఎవడు నాటాడనీ..."

అక్కడ ఆగిపోయారు.

"తర్వాతేంది నాయనమ్మా?" అంది మా అమ్మాయి సుప్రజ.

"అదేనే పోయింది. ఇంకా రెండు ఉండాల. మీ తాత చనిపోయిన ఏడు కూడా నోట్లో ఆడుతుండేయి. ఎప్పుడు జారిపొయ్యాయో తెలియలా."

"ఇటివ్వు, నేను చదువుతా."

"వద్దు. తెరవమాకండి ఎవరూ. మా నాయనమ్మ పేరు అచ్చులో ఉంటే నేను చెవులతో వినాలా? ఐదో క్లాసు దాకా ఎందుకు చదివినట్టు? నాకు కళ్లు రానీ. నేనే చదువుకుంటా."

ఇది న్యాయంగానే తోచింది. ఆ కొన్నాళ్లూ పుస్తకం ఎక్కడ ఉంచాలన్నదే ప్రశ్న. అంచులు ముట్టుకుంటే రాలుతున్నాయి. పురుగు కూడా తగిలినట్టుంది. పురుగు అన్న మాట వినగానే మా ఆయన కొట్టునుంచి ఒక మందు తెస్తానన్నారు. నేను వద్దన్నాను. అప్పుడాయనకు రెండో ఆలోచన వచ్చింది. మొదటిదే తెచ్చి కొట్టినా బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

"పైన గవర్నమెంటు పెట్టుకుని మనకి భయమేంది? వాళ్ల పనే అది. అమ్మకి కళ్లొచ్చిందాకా వాళ్ల బీరువాలో ఉంటది."

పై వాటాలో గవర్నమెంటు అంటే రవిశంకర్ గారు. హోదా ముద్రిత వారసత్వ సహాయకుడు. రోజూ వినుకొండనుంచి రైల్లో వస్తారు. చాలా మంచివారు. ఇది నేను వ్యంగ్యంగా అనడం లేదు. ఎండల్లో ఆయన డబ్బాలో కూర పులిసిపోతుందని, మధ్యాహ్నం కిందికి వచ్చి మా పొయ్యి మీద వేడిచేసుకుంటారు, మా కుళాయిలో సీసా నింపుకుంటారు, ఎలాగూ వచ్చారు కాబట్టి మాతోపాటే కూర్చుని తింటారు. అత్తయ్యను మామ్మా అంటారు, నన్ను అక్కా అంటారు. కేంద్రంలో మూడు కుర్చీలు, ఒక కంప్యూటరు, ఒక గాజు పెట్టె, ఒక బీరువా ఉన్నాయి. లేనిదల్లా ప్రాచీన ముద్రిత వారసత్వం ఒక్కటే. తెరిచి ఏడాది దాటినా ఎవరూ ఏమీ తెచ్చి ఇవ్వలేదు. అందువల్ల మా ఆయన పసుపు గుడ్డతో మెట్లెక్కినప్పుడు రవిశంకర్ గారు లేచి నిలబడి, రెండు చేతులతో అందుకున్నారట. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయట.

ఆ ఆనందంలోనే యాప్ తెరిచి నమోదు మొదలుపెట్టారు. వస్తువు ఎలా వచ్చిందో ఎంచుకోమని యాప్ అడిగింది. మూడే దారులున్నాయి: దానం, జప్తు, దొరికినది.

"దాచిపెట్టమని ఇచ్చినది అని లేదా?" అన్నారు మా ఆయన.

"అట్టాంటిది ఎవరూ చేయరనుకున్నారేమో అన్నా, పెట్టలేదు. దానం అంటే ఇక తిరిగి రాదు. జప్తు అంటే పోలీసులు. 'దొరికినది' నొక్కుదాం. మీకు అటక మీద దొరికిందేగా?"

ఇద్దరూ ఆలోచించి, నిజమే కదా అనుకుని, దొరికినది నొక్కారు.

దొరికిన వస్తువుకు యజమానిని వెతకడం చట్టం. మర్నాడే మా గేటుకు ప్రకటన అంటించారు. ఈ పరిసరాల్లో ఒక ప్రాచీన ముద్రిత గ్రంథం దొరికిందనీ, తమదేనన్నవారు రుజువులతో రావాలనీ అందులో ఉంది. అంటించడానికి మైదాపిండి జిగురు రవిశంకర్ గారు మా ఇంట్లోనే అడిగి తీసుకున్నారు. అప్పటికి అది మా పుస్తకం గురించేనని నాకు తెలియదు.

రుజువుల కోసం మా ఆయన ఐజాజ్ దగ్గరికి వెళ్లారు. కలెక్టరాఫీసు రోడ్డులో జిరాక్స్ కొట్టు అతనిది. జిల్లాలో ఏ దరఖాస్తు ఎలా నింపాలో ఆఫీసులకు తెలియకపోతే ఐజాజ్‌నే అడుగుతారు. అతను కాగితం పైనుంచి కిందిదాకా చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివాడు.

"బిల్లుందా అన్నా?"

"దేని బిల్లు?"

"పుస్తకం కొన్న బిల్లు. కొనుగోలు రసీదు జత చేయాలంటున్నాడు."

"వందేళ్ల కిందట సంతలో అణా పెట్టి కొన్నదానికి బిల్లేందయ్యా?"

"పోనీ ప్రెస్సువాళ్ల దగ్గర డూప్లికేట్ తీసుకోండి. అదీ లేకపోతే, కొన్నాయన ఆధార్ కార్డు." అని ఒక్క క్షణం ఆగి, "అడగకూడదు గానీ, ఆయన..." అన్నాడు.

"పొయ్యాడు. మా అమ్మ తాత, స్వతంత్రం రాకముందే పొయ్యాడు."

"అయితే మరణ ధ్రువీకరణ పత్రం" అన్నాడు ఐజాజ్, ధైర్యం చెబుతున్న గొంతుతో.

ఇలా రుజువులు కూడబెడుతుండగానే పైన ఇంకొక పరిణామం జరిగింది. కేంద్రంవారి కంప్యూటర్‌లో పాత పుస్తకాల జాబితాలు చాలా ఎక్కించారు. వాటిలో దొరల కాలంలో నిషేధించిన పుస్తకాల జాబితా కూడా ఉంది. ఉద్దేశం మంచిదే, అలాంటి అరుదైనవి దొరికితే గుర్తుపట్టాలని. మన పుస్తకం పేరు ఎక్కించగానే కంప్యూటర్ గుర్తుపట్టింది. తెర మీద ఎర్రగా రాసింది: "నిషేధిత రచన. నిషేధం అమలులో ఉన్నది." దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన సంగతి దానికి వేరుగా ఎవరూ తెలియజేయలేదు.

మధ్యాహ్నం డబ్బా వేడిచేసుకోవడానికి వచ్చినప్పుడు రవిశంకర్ గారు ఈ మాట దిగులుగా చెప్పారు.

"స్వతంత్రం వచ్చిందిగదయ్యా!" అన్నారు అత్తయ్య.

"వచ్చిందని మనకి తెలుసు మామ్మా. సిస్టంకి తెలవాలిగా."

"అయితే చెప్పు దానికి."

"నిషేధం ఎత్తేయాలంటే, నిషేధం పెట్టిన అధికారి సంతకం కావాలంటది."

ఆ అధికారి గుంటూరులో పనిచేసిన దొర. ఎక్కడున్నా ఇప్పుడు సంతకం చేసే స్థితిలో ఉండడు. అయినా రవిశంకర్ గారు పద్ధతి ప్రకారం గుంటూరుకు రాశారు. ఆ దొరగారు మా సిబ్బందిలో లేరని, అయినా పల్నాడు వ్యవహారాలన్నీ జిల్లాతోపాటే మీకు అప్పగించామని గుంటూరునుంచి జవాబు వచ్చింది. అంటే ఆ నిషేధం ఎత్తివేయవలసింది ఇప్పుడు నరసరావుపేటవారే. కానీ తాము పెట్టని నిషేధాన్ని ఎత్తివేసే అధికారం కొత్త జిల్లాకు లేదని నరసరావుపేటవారు తేల్చారు. దొరలు వెళ్లిపోయేటప్పుడు దేశాన్ని అప్పగించారు గాని, నిషేధాల సంగతి వివరంగా మాట్లాడుకోలేదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఐజాజ్ దగ్గరికి రెండోసారి వెళ్లినప్పుడు నేనూ వెళ్లాను. అతను గొంతు తగ్గించాడు.

"అక్కా, 'యజమాని' దగ్గర టిక్ పెట్టమాకండి. పెట్టారంటే, నిషేధించిన పుస్తకం ఇంట్లో దాచుకున్నట్టు మీరే ఒప్పుకున్నట్టు. అన్న మీద కేసు."

"టిక్ పెట్టకపోతే?"

"యజమాని లేడు కాబట్టి గవర్నమెంటుదైపోద్ది. అప్పుడు మీరు వెళ్లి చూసిరావచ్చు. సందర్శకులు."

వ్యవస్థ ఎంత నిష్పక్షపాతమో అక్కడ అర్థమైంది. యజమానివైతే ముద్దాయివి, కాకపోతే సందర్శకుడివి. మూడో గడి లేదు. మా ఆయన పెన్ను పట్టుకుని కాసేపు అటూ ఇటూ చూసి, సందర్శకుడి గడిలో టిక్ పెట్టారు. ఆయన తప్పేమీ లేదు. పురుగుమందుల లైసెన్సు రెన్యువల్ దగ్గరపడింది.

ఈలోగా అత్తయ్యకు కళ్లు వచ్చాయి. నల్లద్దాలు తీసి మామూలు అద్దాలు ఇచ్చారు. ఇంటికి వస్తూనే గోడ మీది క్యాలెండర్‌లో అంకెలు, అంకెల కింద తిథులు, తిథుల కింద ప్రెస్సు పేరు కూడా చదివి, "ఏదిరా పుస్తకం?" అన్నారు.

మా ఆయన పైకి చూశారు. అత్తయ్య కూడా పైకి చూశారు. అక్కడ ఫ్యాను తిరుగుతోంది. అసలు సంగతి అప్పుడు చెప్పవలసి వచ్చింది.

అత్తయ్య కేకలు వేయలేదు. "సరే, చూడనన్నా ఇస్తారంటగా. చూద్దాం పదండి" అన్నారు. ఆవిడకు కావలసింది రెండు పాదాలు. అవి బీరువాలో ఉన్నా, గాజు పెట్టెలో ఉన్నా, అచ్చులో ఉంటే చాలు.

చూడాలంటే యాప్‌లో సమయం తీసుకోవాలి. సుప్రజ ఫోన్ తీసి అత్తయ్య పేరు ఎక్కించింది. యాప్ ఒక చక్రం తిప్పి, "మీరు ఇప్పటికే కేంద్రంలో ఉన్నారు. హాజరు నమోదైనది" అంది. రెండోసారి చేసినా అదే. మనిషి ఎక్కడుందో ఆకాశంనుంచి చూసే యంత్రానికి కింది వాటా, పై వాటా తేడా తెలియదు. మా ఇల్లే కేంద్రం. కేంద్రంలో ఉన్న మనిషి సందర్శకుడు కాదు, ఉద్యోగి.

కొన్నాళ్లకు దీని ఫలితం తెలిసింది. రవిశంకర్ గారి రైలు అప్పుడప్పుడు ఆలస్యమవుతుంది. అత్తయ్య ఇల్లు కదలరు. నెలాఖరున పైనుంచి రెండు ఉత్తర్వులు వచ్చాయి. అత్తయ్యకు సంపూర్ణ హాజరుకు ప్రశంసాపత్రం, రవిశంకర్ గారికి మెమో. మెమోలో కోటమ్మగారిని చూసి నేర్చుకోవలసిందిగా సూచించారు. ఆయన ఏమీ అనుకోలేదు. ప్రశంసాపత్రానికి తానే ఫ్రేము కట్టించి తెచ్చారు.

"సందర్శకులు బయటినుంచి రావాల మామ్మా" అన్నారు. "ఊళ్లో ఎక్కడికైనా వెళ్లి అక్కణ్ణుంచి బుక్ చెయ్యండి. అప్పుడు తీసుకుంటది."

ఆటో పిలిచి అత్తయ్యను బస్టాండుకు తీసుకువెళ్లాం. సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టి సుప్రజ ఫోన్‌లో నొక్కడం మొదలుపెట్టింది. ఒకవైపు మాచర్ల బస్సు, ఒకవైపు పిడుగురాళ్ల బస్సు. బస్టాండులో సిగ్నలు కూడా బస్సులాగే వచ్చి పోతోంది. పక్కన మిరపకాయల సంచి పెట్టుకుని కూర్చున్న ఆవిడ పలకరించింది.

"ఎక్కడికి వదినా ప్రయాణం?"

"మా ఇంటికే."

"ఏ ఊరు?"

"ఈ ఊరే. మా పై వాటాకి."

ఆవిడ సంచి కాస్త అవతలికి జరుపుకుంది.

బుకింగ్ అయింది. "స్వాగతం కోటమ్మగారూ! మీ వారసత్వం మీకోసం ఎదురుచూస్తోంది" అని మెసేజీ వచ్చింది. ఆటోలో ఇంటికి వచ్చాం.

చెప్పిన రోజున అత్తయ్య తలంటుకుని, గంజి పెట్టిన నేత చీర కట్టుకుని, కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుంటూ, తన భర్త కట్టించిన మెట్లు తనే ఎక్కారు. వెనక మేము. రవిశంకర్ గారు ఇస్త్రీ చొక్కాలో గుమ్మం దగ్గర నిలబడి మా నలుగురికీ నమస్కారం పెట్టారు. ఆ చొక్కా ఇస్త్రీ పెట్టింది మా ఇస్త్రీపెట్టెతోనే, గంట ముందు.

గాజు పెట్టెలో, నీలం గుడ్డ మీద, పుస్తకం ఉంది. మా ఇంట్లో ఉన్నప్పటికన్నా అందంగా ఉందని ఒప్పుకోవాలి. అత్తయ్య వంగి, అట్ట మీద అక్షరాల్ని ఒక్కొక్కటే చదివారు.  "ప్రతి యింటను ఉండదగినది" దాకా వచ్చి తలెత్తారు.

"తిప్పు నాయనా."

రవిశంకర్ గారు గోడవైపు చూశారు. గోడ మీద ఒక పట్టిక ఉంది. అట్ట చూచుట ఉచితం. పుట తిప్పుటకు రుసుము. తిప్పిన పుటను చదువుటకు వేరే రుసుము. బిగ్గరగా చదివినచో అదనము. పాడినచో ప్రదర్శనగా పరిగణించబడును.

అత్తయ్య పట్టికను కూడా పూర్తిగా చదివారు. కొత్త కళ్లు కదా.

"ఏందిది?"

"వీక్షణ రుసుము మామ్మా. నేను పెట్టింది కాదు. పైనుంచి వచ్చింది."

"గొడ్డు గడ్డి మేస్తే పుల్లరి. మనిషి అక్షరం మేస్తే కూడా పుల్లరా?"

"రైతు కుటుంబాలకి రాయితీ ఉంది మామ్మా. సగమే."

"ఆ రోజు కూడా సగమే కట్టమన్నారంట. మా నాయనమ్మ కట్టలా."

మా ఆయన జేబులో చెయ్యి పెట్టారు. "ఎంతమ్మా అది, నేను కడతా. నువ్వు చదువుకో."

"నువ్వు కట్టావంటే నేను మళ్లీ కళ్లు మూసుకుంటా" అన్నారు అత్తయ్య. ఆ మాట అన్న తీరు చూసి ఆయన జేబులోనుంచి చెయ్యి తీసేసి, ఏం చేయాలో తెలియక ఆ చేత్తో తల దువ్వుకున్నారు.

సుప్రజకు కోపం వచ్చింది. "మీరు చదివారుగా అంకుల్? నమోదు చేసేప్పుడు చదివే ఉంటారు. నోటితో చెప్పండి. రెండు లైన్లేగా!"

"చదివానమ్మా. నాకు కంఠతా వచ్చు" అన్నారు రవిశంకర్ గారు చాలా చిన్న గొంతుతో. "చెప్తే ఆడిట్‌లో ఒప్పుకోవాల్సొస్తది. ఇదొక్కటే అమ్మా ఈ కేంద్రంలో ఉన్న వస్తువు. ఇది సక్రమంగా లేదని రాశారంటే కేంద్రం ఎత్తేస్తారు. నన్ను దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కూర్చోబెడతాడు మా ఔట్‌సోర్సింగ్ కాంట్రాక్టరు."

అది అబద్ధం కాదు.  అత్తయ్య గాజు మీద అరచెయ్యి ఆనించి ఉంచారు. గాజును తాకుటకు పట్టికలో ఏమీ లేదు. బహుశా మరిచిపోయి ఉంటారు. తర్వాత ఒక్కో మెట్టూ పట్టుకుని కిందికి దిగిపోయారు.

ఆ రోజంతా ఆవిడది ఒకటే పని. వరండాలో కూర్చుని మొదటి రెండు పాదాలూ పాడటం, మూడోదాని దగ్గర ఆగడం, మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవడం. గుమ్మం దాకా వచ్చి లోపలికి రాని మనిషిని పిలిచినట్టు ఉండింది.

మర్నాడు మధ్యాహ్నం రవిశంకర్ గారు మామూలుగానే కిందికి వచ్చారు. మెట్ల మీద కొంచెం తడబడ్డారు గాని వచ్చారు. మా పొయ్యి మీద డబ్బా వేడిచేసుకున్నారు. మా కుళాయిలో సీసా నింపుకున్నారు. గోంగూర పప్పు, దోసకాయ పచ్చడి, మజ్జిగ మిరపకాయలు. అందరికీ వడ్డించి నేనూ కూర్చున్నాను.  మజ్జిగ మిరపకాయ కొరికిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అబ్బాయ్" అన్నారు అత్తయ్య.

"చెప్పండి మామ్మా."

"నువ్వు మంచోడివి. నా మనవడి లాంటోడివి. నీ మీద నాకేం లేదు. పైనోళ్లు చెప్పింది నువ్వు చేస్తున్నావు. అంతేగా?"

"అంతే మామ్మా."

"అయితే నేను చెప్పేది కూడా విను. కంచంలో ఉంది తిను. కడుపు నిండా తిను. తిన్నాక ఈ ఇంట్లో నీకు..." అని ఆగి, మాటలు వెతుక్కున్నట్టు లేదు, లోపల ఎక్కడినుంచో అవే వస్తున్నట్టు, "నిప్పు లేదు పో. నీళ్లు లేవు పో" అన్నారు.

మా ఆయన ఎత్తిన ముద్ద కంచంలో పెట్టేశారు. నేను ఏదో అనబోయాను. కానీ నా చూపు రవిశంకర్ గారి మీద పడింది. ఆయన నోరు తెరుచుకుని అత్తయ్యనే చూస్తున్నారు.

"మామ్మా, అది... మూడో పాదం" అన్నారు. "అచ్చం అదే. 'నిప్పు లేదూ పొమ్మ, నీళ్లు లేవూ పొమ్మ.' దొర మనుషులు ఊళ్లోకి వచ్చి అడిగితే అంకమ్మగారు అన్నది అదే."

అత్తయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. పెదవులు కదిలాయి. మొదటి పాదం, రెండో పాదం, మూడో పాదం, ఎక్కడా ఆగకుండా మెల్లగా పాడుకున్నారు. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

సుప్రజ ముందుకు వంగింది. "అంకుల్, నాలుగోది?"

రవిశంకర్ గారు కంచంలో మెతుకులు ఒకచోటికి కూడదీశారు. ఆయన మంచివారని ముందే చెప్పాను.

"మూడోది నోరు జారిందమ్మా" అన్నారు. "నాలుగోదానికి పర్మిషన్ కావాల."

"వద్దులే నాయనా" అన్నారు అత్తయ్య. ఆ గొంతులో కోపం లేదు. "మూడోది నాకై నాకే వచ్చింది. నీళ్లు కట్టేసినాక నాలుగోది కూడా అదే వస్తది. ఒసేయ్ సుప్రజా, ఆయనకి పెరుగెయ్యి. వేసినాక వెళ్లి పై వాటా వాల్వు తిప్పెయ్యి."

సుప్రజ పెరుగు వేసింది. గట్టి పెరుగు, రెండు గరిటెలు. తర్వాత వంటింటి వెనక్కి వెళ్లింది. పైన కుళాయి కాసేపు ఈల వేసి ఊరుకుంది. రవిశంకర్ గారు ఆఖరి మెతుకు దాకా తిని, నింపుకున్న సీసాను బల్ల మీదే వదిలేసి, మా సింకువైపు ఒకసారి చూసి, చూడకూడదని తలచి, ఎంగిలి చెయ్యి పైకెత్తి పట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయారు.

అపరిశుభ్రమైన చేతులతో వారసత్వ సామగ్రిని గాని, ఫైళ్లను గాని, కంప్యూటర్‌ను గాని తాకరాదని వారి నిబంధనల్లో స్పష్టంగా ఉంది. రవిశంకర్ గారు నిబంధన తప్పే మనిషి కాదు. ఆ క్షణంనుంచి కేంద్రంలో పని పూర్తిగా ఆగిపోయింది. ఆగిన సంగతి జిల్లాలో ఇంతవరకూ ఎవరూ గమనించలేదు.